నిలబడి ఉన్న బస్సు

ధనుంజయరావు ఆ సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, చెప్పులు గుమ్మం బయటే విడిచి, తలుపు పక్కన ఒదిగి నిలబడి, "లోనికి రావొచ్చేటమ్మా?" అని అడిగాడు. సొంత ఇంటి ముందు, సొంత భార్యని.

ఇన్నేళ్ళ కాపురంలో ఆయన చెప్పులు బయట విడవడమే ఒక విశేషం. పైగా అనుమతి కూడా అడిగేసరికి వకుళ నవ్వేసింది. ఆయన నవ్వలేదు. లోపలికొచ్చి, సోఫా వంక ఒకసారి చూసి, అది తనలాంటి వాళ్ళకి కాదన్నట్టు గోడవారగా గొంతుక్కూర్చున్నాడు. అప్పుడు చూసింది వకుళ, ఆయన వెనకాలే లిఫ్టు దిగి వస్తున్న ఆయన ఆఫీసు డాక్టర్ సుభాషిణిని. ఆవిడ ముఖం చూశాక నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

ధనుంజయరావు విశాఖపట్నంలో ఒక విధాన పరిశోధన సంస్థలో పనిచేస్తాడు. ప్రభుత్వం ఒక పథకం పెట్టినా, ఉన్నది ఎత్తేసినా, దానివల్ల జనానికి నిజంగా ఏమవుతుందో తేల్చడం వాళ్ళ పని. ఒక ఊళ్ళో పథకం పెట్టి పక్క ఊళ్ళో పెట్టకుండా తేడా చూడటం, పదిమందిని రచ్చబండ మీద కూర్చోబెట్టి మాట్లాడించడం, ఇంటింటికీ వెళ్ళి ప్రశ్నలడగడం, ఇలా చాలా పద్ధతులున్నాయి. అన్నింటికీ ఒకటే జబ్బు అనేవాడు ఆయన. "జనం అబద్ధాలాడరు వకుళా, మర్యాద చేస్తారు. ఇంటికొచ్చినవాడికి మజ్జిగ ఇచ్చినట్టే, వాడికి కావలసిన జవాబు కూడా ఇచ్చి పంపిస్తారు."

ఆ జబ్బుకి మందుగా సుభాషిణి కనిపెట్టిన యంత్రానికి కాగితం మీద బారెడు పేరుంది. ఆఫీసులో మాత్రం అందరూ 'పరకాయం' అనేవారు. ఒక మనిషి చెవి వెనక చిన్న బిళ్ళ అతికిస్తారు. ఒక పంటకాలమంతా ఆ ఒంటికి కలిగిన ఆకలి, అలసట, భయం, సంతోషం అందులోకి చేరతాయి. తర్వాత పరిశోధకుడు కుర్చీలో కూర్చుంటే ఒక్క పూటలో ఆ బతుకంతా తానే బతికి లేస్తాడు. మొదటిసారి ఉన్నది ఉన్నట్టు. రెండోసారి యంత్రం అదే బతుకులోంచి ఒక్క వస్తువు తీసేసి, తక్కినదాన్ని దాని మానాన నడవనిస్తుంది. ఏది తీసేస్తే ఏమవుతుందో అడగక్కర్లేదు, ఒంటికే తెలుస్తుంది.

ఈసారి తీసేసిన వస్తువు బస్సు. సాయంత్రం కొండమీది ఊళ్ళకి వెళ్ళి, రాత్రి అక్కడే ఆగి, తెల్లవారగట్ల మొదటి ట్రిప్పుగా దిగివచ్చే నైట్ హాల్టు బస్సులు. టిక్కెట్ల లెక్కన అవి దండగ. రద్దు చేస్తే ఎలా ఉంటుందని ప్రభుత్వం అడిగింది. ఊళ్ళల్లో సర్వే చేస్తే, ఉంటే మంచిదేనండి, లేకపోతే ఏదో సర్దుకుంటామండి అన్నారు. దానికి పరకాయం వేసి చూద్దామన్నాడు ధనుంజయరావు. తుమ్మికవలసలో కొండచీపుళ్ళూ విస్తళ్ళు కుట్టే అడ్డాకులూ టౌనుకి తెచ్చి అమ్ముకునే పైడమ్మ అనే ఆవిడ బిళ్ళ పెట్టించుకోడానికి ఒప్పుకుంది. ఈయన కుర్చీలో కూర్చున్నాడు.

పైడమ్మగా లేచాడు.

"లేచాక కాసేపు అందరికీ అలాగే ఉంటుందండీ," అంది సుభాషిణి. "అందుకే తిరుగుపిలుపు అని ఒకటి పెట్టాం. ముందుగానే ఈయన్ని ఇంటర్వ్యూ చేసి, సొంత గొంతుతో చెప్పిన జవాబులు రికార్డు చేసి ఉంచుతాం. అవి వినిపిస్తే మనసు తన మాట తాను గుర్తుపట్టి వెనక్కి వచ్చేస్తుంది. కాఫీ తాగేంతసేపు పడుతుంది, అంతే. ఇవాళ ఈయన అంతా విని, ఎవరో పెద్దమనిషి భలే మాటాడతన్నాడు అన్నారు."

ఇంట్లో తన వస్తువుల మధ్య ఉంటే తనే రావచ్చని ఆవిడ ఆశ. కానీ వారం దాటనివ్వకూడదంది. దాటితే ఏమవుతుందని వకుళ అడిగితే, పాలు తోడుకున్నాక మళ్ళీ పాలవుతాయా అంది. డాక్టరు అయ్యుండీ అర్థమయ్యేలా చెప్పినందుకు వకుళకి ఆవిడ మీద గౌరవం కలిగింది, వారం ఎప్పటికి అవుతుందో కేలండరు కూడా చూసుకుంది.

మొదటి రెండ్రోజులూ, నిజం చెప్పుకోవాలంటే, ఇంటికి లాభమే జరిగింది. తిన్న కంచం ఆయనే కడిగాడు. బకెట్టు నీళ్ళతో ఒళ్ళు తోముకుని, బట్టలుతికి, మిగిలిన నీళ్ళు బాల్కనీ మొక్కలకి పోశాడు. ఉత్త గదిలో ఫ్యాను తిరుగుతుంటే తెగ బాధపడ్డాడు. వకుళ కూరలు తరుగుతుంటే కత్తిపీట లేదేటి తల్లీ అని అడిగి, చాకు తీసుకుని, ఆవిడకన్నా సన్నగా తరిగి పెట్టాడు. ఇదివరకు ఆయన వంటింట్లోకి వచ్చేది మంచినీళ్ళ సీసా ఎక్కడుందో అడగడానికి మాత్రమే. పై అంతస్తు భాస్కరమ్మగారు ఇదంతా చూసి, ఆ యంత్రంలో మావారిని కూడా ఒక పూట కూర్చోబెడతారేమో కనుక్కోమంది.

కానీ ఆయన ఆవిణ్ణి పేరు పెట్టి పిలవలేదు. అమ్మా అనేవాడు, తల్లీ అనేవాడు, అమ్మగోరూ అనేవాడు. పడుకోడానికి గది చూపిస్తే బెదిరిపోయి హాల్లో చాప వేసుకున్నాడు. పెళ్ళిఫోటోలో పెళ్ళికొడుకుని చూపించి, మీ బుగత ఏ ఊరెళ్ళినాడమ్మా అని అడిగాడు. ఆఫీసు పని మీద కొండకెళ్ళాడని చెప్పి వకుళ వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు కుళాయి తిప్పి ఉంచింది.

అన్నం సరిగా తినేవాడు కాదు. చోడిపిండి, అదే రాగిపిండి, తెప్పించి అంబలి కాస్తే రెండు గుక్కలు తాగి గ్లాసు పక్కన పెట్టేవాడు. పొద్దు గుంకుతున్నప్పుడూ, మళ్ళీ తెల్లవారగట్లా కిందికి దిగి, గేటు దగ్గర నిలబడి రోడ్డు వంక చూసేవాడు. సిటీ బస్సులు ఎన్ని వెళ్ళినా చెయ్యెత్తలేదు. ఎవరికోసమని వాచ్‌మన్ అడిగితే, మా బస్సింకా రాలేదు బాబూ అన్నాడట. ఆ సంగతి చెప్తూ వాచ్‌మన్ కళ్ళు తుడుచుకున్నాడు.

మూడోనాడు వకుళ ఆయన్ని భాస్కరమ్మగారికి అప్పగించి ఆఫీసుకి వెళ్ళింది. ఆ రికార్డు తనకీ ఒకసారి వినిపించమంది. సుభాషిణి మొదట, అది గోప్యమని నసిగింది. ఆ మనిషి మా ఇంట్లో చాప మీద పడుకుంటున్నాడు, ఇంకా గోప్యమేమిటండీ అంది వకుళ.

ధనుంజయరావు గొంతు గదంతా నిండింది. స్పష్టంగా, నిదానంగా, అభినందన సభలో మాట్లాడుతున్నట్టుంది. మీకు బాగా ఇష్టమైన టిఫిను? ఉప్మా అండీ, అందులోనూ మా ఆవిడ చేసే ఉప్మా అంటే ప్రాణం. మీకు చికాకు కలిగించేవి? ఏమీ లేవండీ. మీకున్న భయాలు? అలాంటివేమీ లేవు. భార్య తరఫు బంధువులు? బంగారం. జీవితంలో ఏదైనా అసంతృప్తి? దేవుడి దయవల్ల అన్నీ బాగానే ఉన్నాయి. మధ్య మధ్య చెంచా ప్లేటుకి తగిలిన చప్పుడు. ఇంకాస్త వేయమంటారా అని ఒక ఆడగొంతు.

ఆ గొంతు ఎవరిదో గుర్తుపట్టడానికి వకుళకి ఏ యంత్రమూ అక్కర్లేకపోయింది.

అది తన గొంతేనని ఆవిడ చెప్పగానే సుభాషిణి రికార్డు ఆపేసింది. ఈ ఇంటర్వ్యూ ఎక్కడ తీసుకున్నారని అడిగింది. మా ఇంట్లోనే, అంది వకుళ. ఆఫీసు నుంచి కొత్తగా చేరిన అమ్మాయి వచ్చింది. ఇంటికొచ్చిన పిల్లని టిఫిను పెట్టకుండా ఎలా పంపిస్తాం? ప్రశ్నలు తర్వాత, ముందు తినమన్నాను. వేడి చల్లారిపోతుందని ఆయనే, తింటూ కానిద్దాం అన్నారు. నేను పక్కనే కూర్చుని వడ్డించాను.

"ఇంటర్వ్యూలో మొదటి పాఠమండీ ఇది," అంది సుభాషిణి నెమ్మదిగా. "పెళ్ళాన్ని పక్కన కూర్చోబెట్టుకుని మొగుణ్ణి ప్రశ్నలడగకూడదు. మొగుడి ముందు పెళ్ళాన్ని అసలే అడగకూడదు. కొత్తవాళ్ళకి ఈ పాఠం చెప్పేది మీవారే."

అంటే ఆయన కూడా జనంలాగే మర్యాద చేశాడు. పిలుద్దామంటే ఆ రికార్డులో ఆయన లేడు. ఎవరో పెద్దమనిషి ఉన్నాడు. ఆ మాట పైడమ్మ మొదటి రోజే చెప్పింది.

సుభాషిణి తలుపు మూసి, కుర్చీ దగ్గరికి లాక్కుని, ఆయన అసలు ఎలాంటివాడో మీరు చెప్పండి, ఒక్కరే ఉన్నారు, ఎవరూ వినరు అంది. వకుళ చెప్పింది. ఆయనకి బల్లులంటే భయం. ఆవిడ తమ్ముడు వస్తున్నాడంటే ఆ రోజే ఆఫీసులో అర్జంటు పని తగులుతుంది. పాటలు పాడాలని కోరిక, బాత్‌రూములో కూడా తలుపు గడియ పెట్టాకే తీర్చుకుంటాడు. ఇక ఉప్మా అంటే ప్రాణమన్నమాట నిజమే, అది తింటున్నంతసేపూ ప్రాణం పోతున్నట్టే ఉంటుంది. మొదటి ముద్దకి ఎడమ కనుబొమ్మ ఒక్క నూలుపోగంత పైకి లేస్తుంది. వెంటనే దించేసి, బాగుంది అంటాడు. పెళ్ళైన కొత్తలోనే ఆవిడ కనిపెట్టింది.

"మరి ఇన్నేళ్ళూ ఎందుకు చేస్తున్నారండీ?"

"ఎన్నాళ్ళు ఆపుకుంటారో చూద్దామని," అంది వకుళ. "మాదీ ఒక పరిశోధనే."

ఇంటికొచ్చేసరికి ధనుంజయరావు కింద బాదం చెట్టు దగ్గర రాలిన ఆకులన్నీ ఏరి, కడిగి, హాల్లో పరిచి, చీపురుపుల్లలతో విస్తళ్ళు కుడుతున్నాడు. చక్కగా, చుట్టూ ఒకే వాటంగా వస్తున్నాయి. వకుళ ఎదురుగా కూర్చుని తనూ ఒక ఆకు తీసుకుంది. పుల్ల ఎక్కడ గుచ్చాలో ఆయన చూపించాడు. మూడు ఆకులు కలిశాయి. అప్పుడు ఆవిడ, పక్కింటావిణ్ణి అడిగినట్టు, చేతిలో ఆకు మీంచి కళ్ళెత్తకుండా అడిగింది. ఆ బస్సు కోసం ఎందుకలా చూస్తున్నావు పైడమ్మా?

ఆయన ఇంకో పుల్ల విరిచి ఆకులో గుచ్చాడు.

"మా మనవరాల్ని పురుగు ముట్టిందమ్మా," అన్నాడు. "మంగ. దానికింకా పాలపళ్ళే ఊడలేదు. బస్సుంటే డ్రైవరుబాబు లేసి బండి కట్టునే. ఇదివరకోపాలి దీన్నే ముడితే అలాగే తీసుకెల్లినాడు. టిక్కెట్టేటి, కాగితవేటి, లైట్లేసుకుని తిన్నగా ఆస్పత్రికి పట్టుకుపోనాడు. పిల్ల బతికి బట్టకట్టింది. ఈపాలి బస్సు లేదు. డోలీ కట్టినారు. కొండ దిగతావుంటే దాని సెయ్యి నా సేతిలో సల్లబడిపోనాది."

వకుళ చేతిలో ఆకు చిరిగిపోయింది.

ఇప్పుడర్థమైంది. బిళ్ళ పెట్టుకున్న ఆ పంటకాలంలోనే మంగని పాము కరిచింది, రాత్రి అక్కడ ఆగి ఉన్న బస్సు దాన్ని కాపాడింది. యంత్రం రెండోసారి బస్సు తీసేసి అదే రాత్రిని నడిపించింది. ఎక్కడా జరగని చావు ఒకటి ఈ మనిషి ఒంట్లో జరిగిపోయింది. ఏ మామ్మ వదిలి వస్తుంది అలాంటి చోటు నుంచి?

"సర్వేవాళ్ళు వచ్చినప్పుడు ఈ మాట చెప్పలేదేం?"

"సెప్తే డ్రైవరుబాబు ఉద్దోగం పోదేటి?" అన్నాడాయన, ఇంత తెలివితక్కువ ప్రశ్న వినలేదన్నట్టు. "డిపోలో సెప్పకుండా బండి తీయకూడదంట. ఊరంతా ఒట్టేసుకున్నాం. బస్సుంటే మంచిదే, నేకపోతే సద్దుకుంటాం అన్నాం. ఆ బాబు మాకు దేవుడు, ఆడి మీద సెప్తామా?"

వకుళ బాల్కనీలోకి వెళ్ళి సుభాషిణికి ఫోను చేసింది. బిళ్ళ పెట్టుకున్నవాళ్ళ ఇంటి సంగతులు పరిశోధకుడికి చెప్పకూడదని సుభాషిణి నియమం. ఇది విన్నాక ఆవిడ తన నియమాన్ని తానే పక్కనపెట్టి తుమ్మికవలస బడికి ఫోను చేయించింది. కాసేపటికి జవాబొచ్చింది. మంగ బడికి వచ్చింది. మధ్యాహ్న భోజనంలో గుడ్డు తింది.

వకుళ వచ్చి ఆ మాట చెప్పింది. ఆయన పుల్ల గుచ్చుతూనే, తల అడ్డంగా ఊపాడు. ఊరుకోబెట్టడానికి సెప్తావులే తల్లీ అన్నాడు. ఇంకో పుల్ల గుచ్చి, నమ్మాలా వద్దా అన్నట్టు అడిగాడు. "గుడ్డంతా తినేసిందేటి?"

వకుళ మళ్ళీ బాల్కనీలోకి వెళ్ళింది. మళ్ళీ ఫోను కొండెక్కి దిగింది.

"పచ్చసొన తీసేసి పక్కపిల్లకి పెట్టేసిందట," అంది. "తెల్లదే తింటుందట. పంతులమ్మ తిడుతున్నా వినదట."

ఆయన చేతిలో విస్తరి కింద పెట్టేశాడు. ముఖం రెండు చేతుల్లో పెట్టుకున్నాడు. భుజాలు కదిలిపోయాయి. "అదే, మా గుంటే, మా మంగే," అన్నాడు. "పచ్చది ముట్టుకోదు." ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు. రెండూ అయ్యుంటాయి. వకుళ పక్కన కూర్చుని వీపు నిమిరింది. ఎవరి వీపో ఆవిడకి ఆ క్షణాన పట్టలేదు.

ఆ తర్వాత ఆయన హాయిగా ఊపిరి పీల్చుకుని, ఆకలేత్తందమ్మా అన్నాడు.

వకుళ లేచి వంటింట్లోకి వెళ్ళింది. బొంబాయి రవ్వ వేయించింది. అల్లం తరిగింది, కరివేపాకు వేసింది, జీడిపప్పు మాత్రం వేయలేదు. జీడిపప్పు ఉంటే ఆయన వాటి కోసం తింటాడు, పరీక్ష చెడిపోతుంది. ఆయన కుట్టిన విస్తరిలోనే, పొగలు కక్కుతున్న ఉప్మా పెట్టి ముందుంచింది. ఎదురుగా కూర్చుంది. ఆయన ఎడమ కనుబొమ్మ మీదే చూపు నిలిపింది.

మొదటి ముద్ద పెట్టుకున్నాడు. కనుబొమ్మ కదల్లేదు. అవురావురుమంటూ రెండోది తిన్నాడు. "ఇది శానా బాగున్నాది తల్లీ," అన్నాడు.

ఇన్నేళ్ళుగా ఆవిడ ఉప్మాకి వచ్చిన మొదటి నిజమైన మెప్పు అది. దానికి ఇంత దుఃఖం వస్తుందని ఆవిడ ఎప్పుడూ అనుకోలేదు.

మూడో ముద్ద నోట్లోకి వెళ్ళింది. నమలడం ఆగింది. మింగాలా వద్దా అని గొంతు దగ్గర ఏదో తగువు జరుగుతున్నట్టు మెడ ఒకసారి బిగిసింది. ఎడమ కనుబొమ్మ, ఒక్క నూలుపోగంత, పైకి లేచింది. వెంటనే దిగింది.

"బాగుంది వకుళా," అన్నాడు ధనుంజయరావు. చుట్టూ చూశాడు. "ఈ ఆకులేమిటి? నేను కింద కూర్చున్నానేమిటి?"

వకుళ విస్తరి లాగేసుకుని, మిగిలిన ఉప్మా అంతా తనే తినేసింది.

రిపోర్టు రాయడానికి ఆయనకి చాలా రోజులే పట్టింది. ఉన్నదున్నట్టు రాస్తే డ్రైవరు ఉద్యోగం పోతుంది. రాయకపోతే బస్సు పోతుంది. హాల్లో అటూ ఇటూ తిరుగుతూ, ఒక్కోసారి చటుక్కున గోడవారగా గొంతుక్కూర్చుని ఆలోచించేవాడు. ఆ అలవాటొక్కటీ ఉండిపోయింది, వకుళ కూడా దాన్ని పొమ్మనలేదు. చివరికి ఏ ఊరి పేరూ ఏ మనిషి పేరూ లేకుండా రాశాడు. మనం ఇంతవరకు బస్సు నడిచినప్పుడే దాని విలువ లెక్కగట్టాం. కొండమీద బస్సుకి సగం విలువ అది నిలబడి ఉండటంలో ఉంది. టిక్కెట్టు పుట్టని ఆ రాత్రులకి కూడా లెక్క రావాలంటే, ప్రాణం మీదికొచ్చినప్పుడు బండి తీయడానికి డ్రైవరుకి ముందే అనుమతి ఇచ్చి ఉంచాలి. పద్ధతుల అధ్యాయంలో ఇంకొక వాక్యం చేర్చాడు. ప్రశ్న అడిగేటప్పుడు పక్కన ఎవరు కూర్చున్నారో చూసుకోవాలి. కొందరు కనబడకుండా కూడా కూర్చుంటారు.

పై ఆఫీసుల్లో ఆ కాగితం ఎన్ని బల్లలు మారిందో తెలియదు కానీ, వానలు మొదలయ్యేలోపు ఉత్తర్వు వచ్చింది. బస్సులు ఉంటాయి. అనుమతీ ఉంటుంది.

ఆ వారమే ఇద్దరూ సాయంత్రం బస్సులో తుమ్మికవలస వెళ్ళారు. సుభాషిణి వెళ్ళమంది, పైడమ్మ కూడా రమ్మంది. బస్సు ఊరి మధ్యలో ఆగి, ఒకసారి దగ్గి, నిద్రకు పడింది. డ్రైవరు కొత్త ఉత్తర్వుని ప్లాస్టిక్ కవరులో పెట్టి అద్దం దగ్గర వేలాడదీశాడు. ఇదివరకు నిమిషంలో బండి తీసేవాణ్ణి, ఇప్పుడు ఫోను చేసి చెప్పాలంట సార్ అని గొణిగాడు. గొణుగుతూనే ఆ కవరు మీది దుమ్ము తుడిచాడు.

బస్సు మెట్ల మీద ఒక పిల్ల కూర్చుని, ఎక్కేవాళ్ళకీ దిగేవాళ్ళకీ దారివ్వకుండా కాళ్ళూపుతోంది. ముందుపళ్ళలో ఒకటి ఊడిపోయింది. ధనుంజయరావు అక్కడే ఆగిపోయాడు. ఆ పిల్ల ఎవరో ఎవరూ చెప్పలేదు. దానికీ ఈయనెవరో తెలియదు. ఏటలా సూత్తన్నావని గదమాయించింది. ఏం లేదమ్మా అన్నాడాయన, పన్ను ఎప్పుడు ఊడిందని అడిగాడు. జవాబు వినకుండానే కొండల వంక తిరిగిపోయాడు.

పైడమ్మ ఇద్దర్నీ లోపలికి పిలిచింది. అసలైన పైడమ్మ పొట్టిగా, చురుగ్గా ఉంది, నిలబడిన చోట నిలబడదు. పట్నం నుంచి వచ్చినవాళ్ళకి అంబలి పెడితే ఏం బాగుంటుందని, పొద్దున్నే టౌను నుంచి రవ్వ తెప్పించిందట. అడ్డాకు విస్తళ్ళలో వేడివేడిగా వడ్డించింది. ఉప్మా. ఎదురుగా చెంగు సర్దుకుని కూర్చుని, ఆయన ముఖంలోకి ఆశగా చూసింది.

"ఎలాగున్నాది బాబూ?"

ధనుంజయరావు మొదటి ముద్ద మింగాడు. వకుళ ఆయన ఎడమ కనుబొమ్మనే చూస్తోంది. అది లేచింది, నూలుపోగంత, దిగింది.

"ప్రాణం లేచొచ్చింది పైడమ్మా," అన్నాడు.

"అయితే ఆయనకి ఇంకాస్త వెయ్యమ్మా," అంది వకుళ.